ఆవలి గట్టు ఎండ

వాల్డెనెక్ జిల్లా పాలనాధికారి గారి సముఖమునకు,
షాట్‌మట్ ఊరి కాపురస్థురాలు, కీర్తిశేషులు గొట్‌ఫ్రీడ్ ఆబ్యూల్ భార్య, కాథ్రీ ఆబ్యూల్, వయస్సు ఎనభై ఆరు, నోటితో చెప్పి రాయించుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: కాల్ట్‌బాఖ్ వాగుకు ఆవల, సోన్‌రైన్ పంచాయతీ నేలలో ఉన్న షాట్‌మట్ వారి సమాధుల దొడ్డిని చదును చేయకుండా ఆపుట గురించియు, నేను చనిపోవు వరకు నన్నొక్కదాన్నే షాట్‌మట్ పంచాయతీగా గుర్తించుట గురించియు.

1. పై విషయమై తమరికి విన్నవించుకొనునది ఏమనగా, నాకు చదవడం, రాయడం రావు. ఈ అర్జీ రాస్తున్నవాడు బెనెడిక్ట్ జుర్‌బూఖన్. కిందటేడు జనవరి ఒకటి వరకు షాట్‌మట్ పంచాయతీ గుమస్తా. పంచాయతీయే పోయింది కాబట్టి ఇప్పుడు ఏమీ కాడు. సదరు, మేరకు, ఎడల అనే మాటలు అతనివి. మిగతావి నావి. ఎక్కడైనా మాట కటువుగా తగిలితే అది నాదేనని ఎరుగవలెను. అతన్ని ఏమీ అనవద్దు, వాడు పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది నేనే.

2. తమరు ఈ జిల్లాకు కొత్తగా వచ్చినారని విన్నాను. తమరి గది గోడకు జిల్లా పటం ఉంటుందని, అందులో వాగులు నీలంగా, పంచాయతీల హద్దులు ఎర్రగా వేసి ఉంటాయని బెనెడిక్ట్ అంటున్నాడు. ఎండ ఎందాకా వచ్చి ఆగుతుందో మాత్రం వేయరట. అది వేసి ఉంటే నాకీ అర్జీ అవసరం ఉండేది కాదు.

సోన్‌రైన్ వాగుకు ఎండ పక్క. మేము నీడ పక్క, మా ఊరి పేరులోనే నీడ ఉంది. నవంబరులో మార్టిన్ పండుగ నాడు మధ్యాహ్నం సూర్యుడు మన్‌హోర్న్ కొండ వెనక్కి పోయాడంటే మళ్ళీ ఫిబ్రవరిలో కొవ్వొత్తుల పండుగకు గాని మా ఇళ్ళ కప్పుల మీదికి రాడు. ఆ మధ్యలో మా నేల ఇనుము. గునపం వేస్తే నిప్పురవ్వ లేస్తుంది గాని మన్ను లేవదు. మనిషి చావు ఎండ చూసుకుని రాదు గదా. వెనకటి రోజుల్లో మావాళ్ళు శవాలను ధాన్యపు కొట్లో పెట్టుకుని, మంచు కరిగేదాకా వాటి పక్కనుంచే రొట్టెల పిండి తెచ్చుకునేవారట. అది చూడలేక మా పెద్దలు వంతెన దాటి సోన్‌రైన్ వారిని అడిగినారు, మా చచ్చినవాళ్ళకు మీ ఎండలో కాస్త చోటివ్వండని. వాళ్ళు ఇచ్చినారు. చర్చి వెనక, ఏటవాలుగా, గోడ కట్టిన చిన్న దొడ్డి. చలికాలమంతా మా వంటింటి కిటికీలోంచి చూస్తే ఇటు దీపం పెట్టుకుని మేము, అటు ఎండ కాగుతూ వాళ్ళు. వాళ్ళ మీద ఎండ పడితేనే మాకు పొద్దెక్కినట్టు లెక్క.

3. సదరు నేలకు అద్దె ఒక చీజు చక్రం. కాగితం ఉందో లేదో నాకు తెలియదు, ఉందని బెనెడిక్ట్ అంటున్నాడు. ప్రతి మార్టిన్ పండుగ నాడు మా ప్రెసిడెంటు దాన్ని వీపున కట్టుకుని వంతెన మధ్యకు పోవాలి. అవతలి నుంచి సోన్‌రైన్ ప్రెసిడెంటు రొట్టె పట్టుకుని రావాలి. అప్పుడు ఆయన అడుగుతాడు:

"మీవాళ్ళు ఎలా ఉన్నారు?"

"మీ దగ్గరే ఉన్నారు, మీరే చెప్పాలి," అని మావాడు అనాలి.

"వెచ్చగా ఉన్నారు," అని ఆయన అనాలి.

అంతే. చీజు అటు పోతుంది, రొట్టె ఇటు వస్తుంది. రొట్టె ఇంటింటికీ ముక్క పంచుతారు. ఆ మాట విన్నాక గాని మా ఊళ్ళో ఎవరూ చలికాలపు దీపం వెలిగించేవాళ్ళు కారు.

4. ఇప్పుడు చెప్పబోయేది అర్జీలో పడదని బెనెడిక్ట్ అంటున్నాడు. పడుతుంది, రాయి అన్నాను.

నాకు ఒక బిడ్డ. లీసెలి. మార్టిన్ పండుగ వెళ్ళిన వారానికి పుట్టింది. నల్ల జుట్టు, గుప్పెడు మొహం, గొంతు మాత్రం మేకపిల్ల గొంతు, ఊరంతా వినపడేది. నేను దానికి రోజూ చెప్పేదాన్ని, ఆగవే, కొవ్వొత్తుల పండుగ రానీ, నిన్ను గుమ్మంలో కూర్చోబెట్టి ఎండ చూపిస్తాను, అప్పుడు తెలుస్తుంది నీకు ఈ లోకం ఇంత చీకటి కాదని. అది ఆగలేదు. జనవరిలో దగ్గు పట్టింది. డాక్టరు బయలుదేరేసరికి దారి మంచుతో మూసుకుపోయింది.

పెట్టె చేసింది మా ఆయనే. వంతెన దాటి అవతలి గట్టు ఎక్కేసరికి ఎండ. పెట్టె మూత మీద పడింది. నేను మూత తీయమన్నాను. పాస్టరు గారు, "వద్దు కాథ్రీ, అలా చేయకూడదు," అన్నారు. మా ఆయన ఎవరి మాటా వినలేదు, జేబులోంచి పట్టకారు తీసి మేకులు ఊడబెరికాడు. కాసేపు ఎండ దాని మొహం మీద పడనిచ్చాము. అది కళ్ళు తెరవదని నాకు తెలుసు. నాకు పిచ్చి లేదు. ఇచ్చిన మాట ఇచ్చినట్టు చేశాను, అంతే. అప్పటి సోన్‌రైన్ ప్రెసిడెంటు, అంటే ఇప్పటి ప్రెసిడెంటు రూడీ గెర్మన్ తండ్రి, గోడ దగ్గర టోపీ తీసి నిలబడి ఉన్నాడు. పండుగ కాదు, చీజు లేదు, అయినా ఆయన నా దగ్గరికి వచ్చి, "వెచ్చగా ఉంటుందిలే, కాథ్రీ," అన్నాడు.

దాని పక్కన ఇప్పుడు మా ఆయన ఉన్నాడు. ఇంకో పక్క ఖాళీ. ఆ ఖాళీ నాది.

5. ఇట్లుండగా, ఊళ్ళు చిన్నవైపోయినవని, జనం తగ్గిపోయినారని, షాట్‌మట్, హోల్ట్స్‌వైల్, ఉంటర్‌టాల్ మూడు పంచాయతీలను కలిపి ఒక్క ఉంటర్‌టాల్ చేయవలెనని తీర్మానం వచ్చినది. మా బడి గదిలో ఊరి సభ పెట్టినారు. మంచు తోసే బండి ఎవరు పంపాలి, నీళ్ళ తొట్టి ఎవరు కడగాలి, చర్చి గంట ఎవరిది, మా జెండా మీది పొట్టేలు బొమ్మ ఉంచాలా తీసేయాలా, అన్నిటికీ పోట్లాడి పోట్లాడి రాయించుకున్నారు. పొట్టేలు కోసం ఇద్దరు కొట్టుకోబోయారు కూడా. చచ్చినవాళ్ళ మాట ఒక్కరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ చీజు పంచాయతీ ఇస్తోందని మాకెవరికీ తోచలేదు. పొద్దున లేచి మొహం కడుక్కున్నట్టు, అది ఊరు చేసే పని అనుకున్నాము. ఊరు పోతే దాన్ని చేసేవాడు ఉండడని ఎవరికి తెలుసు?

చేతులెత్తమన్నారు. వద్దని ఎత్తినది నేనొక్కదాన్నే. అదీ చచ్చినవాళ్ళ కోసం కాదు. ఎందుకో చెబుతాను. నేను ఈ జిల్లాకు ఆ చివరన ఉన్న హాగెన్‌బ్యూల్ పంచాయతీ దాన్ని. తల్లీ తండ్రీ పోతే, దిక్కులేని పిల్లల్ని ఊరు రైతులకు అప్పగించే రోజులవి. నన్నూ అప్పగించింది. మేకల వెనక తిరిగాను, బడి మొహం ఎరగను, అందుకే ఈవేళ ఇంకొకడి చేత రాయించుకుంటున్నాను. కాగితాల మీద ఇప్పటికీ హాగెన్‌బ్యూల్ దాన్నే, పాస్‌పోర్టు తీస్తే సొంతూరని అదే పేరు. కాని నన్ను తనదాన్ని అనుకున్న ఊరు షాట్‌మట్ ఒక్కటే. పెళ్ళయి వచ్చిన మొదటి మార్టిన్ పండుగకు నా చేతిలో రొట్టె ముక్క పెట్టి, "ఇది నీ వాటా," అన్నారు. అప్పటిదాకా నాకు వాటా అని ఎవరూ ఏదీ ఇవ్వలేదు. అటువంటి ఊరు ఉండకూడదంటే చెయ్యి ఎత్తకుండా ఎలా ఉంటాను?

6. కిందటి నవంబరులో నేను తుంటి ఎముక విరిగి పట్నం ఆసుపత్రిలో ఉన్నాను. ఆ మార్టిన్ పండుగకు ఏమి జరిగిందో తమరు తెలుసుకోవలెను.

ఉంటర్‌టాల్ పెద్దలు మంచివాళ్ళే, వాళ్ళు చెడు తలపెట్టలేదు. చీజు మోసుకుపోవడం చూసి అదొక వేడుక అనుకున్నారు. పాపం షాట్‌మట్ ముసలివాళ్ళు మంచులో వంతెన దాకా ఎందుకు, ఈ యేడు వేడుక మన సంతలోనే చేద్దాం అన్నారు. చీజు చక్రాన్ని బల్ల మీద పెట్టి, ముక్కలు కోసి, పుల్లలు గుచ్చి, సంతకొచ్చిన వాళ్ళందరికీ రుచి చూడమని పంచారు. మా చచ్చినవాళ్ళ అద్దెను తిన్నారు, అయ్యా. మావాళ్ళూ తిన్నారు. బెనెడిక్ట్ రెండు ముక్కలు తిన్నాడు. ఈ మాట రాయనన్నాడు, రాయించాను.

"నిన్ను అవమానించాలని కాదురా. నిజం కాబట్టి," అన్నాను.

"బాగుందని కూడా అన్నాను పెద్దమ్మా," అన్నాడు వాడు, తల దించుకుని.

అదే సమయానికి వంతెన మీద సోన్‌రైన్ వాళ్ళు రొట్టె పట్టుకుని నిలబడి ఉన్నారు.

7. ఈ జనవరిలో సోన్‌రైన్ నుంచి ఉత్తరం వచ్చినది. బెనెడిక్ట్ రెండుసార్లు చదివి వినిపించాడు. ఒప్పందం చేసుకున్న షాట్‌మట్ పంచాయతీ ఇప్పుడు లేదు, అద్దె కూడా అందలేదు, కాబట్టి ఒప్పందం ముగిసినది. ఇకపై ఆ దొడ్డిలో కొత్తగా ఎవరినీ పెట్టరు. ఉన్న సమాధులను ఈ యేడు చలికాలం మొదట్లో ఎత్తివేసి, నేల చదును చేసి, సోన్‌రైన్ వారి సొంతానికి వాడుకుంటారు. సమాధి రాళ్ళు కావలసినవారు వచ్చి తీసుకుపోవచ్చును. రాయి నేనేం చేసుకోను?

మర్నాడే చీజు కట్టుకుని బయలుదేరాను. కర్ర ఒక చేత్తో, వంతెన కమ్మీ ఒక చేత్తో. రూడీ గెర్మన్ నన్ను చూసి పాలకొట్టం లోంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటవ్వా ఇది! ఈ మంచులో, ఈ తుంటితో! పడితే?"

"పడితే మీ గట్టు మీదే పడతాను గదా. పాతిపెట్టడానికి దగ్గర."

లోపలికి తీసుకుపోయి కాఫీ పోశాడు. చీజు వంక చూశాడు, ముట్టుకోలేదు.

"దీన్ని తీసుకోలేనవ్వా. తీసుకుంటే మా సభలో నన్ను నిలదీస్తారు. ఇది పంచాయతీ తేవాలి. నువ్వు పంచాయతీవి కాదు."

"మరి నేనేంటి?"

"నువ్వు కాథ్రీ అవ్వవి."

"మీ నాన్న ఉంటే తీసుకునేవాడు."

రూడీ కప్పు కింద పెట్టాడు. "మా నాన్న ఉంటే ఆయనకూ కోపం వచ్చేది. చీకటి పడేదాకా నిలబడ్డామవ్వా మేము. మా బ్యాండు వాళ్ళు బూరలు పట్టుకుని నిలబడ్డారు. రొట్టె మీద మంచు పేరుకుంది. మీవాళ్ళు ఒక్కడు రాలేదు, ఒక్కడు ఫోను చేయలేదు. మీవాళ్ళు ఎలా ఉన్నారని ఎవరిని అడగను? వాగుని అడగనా? ఆఖరికి రొట్టె ఇంటికి తెచ్చి ఆవులకు వేశాను. మీ చచ్చినవాళ్ళు మీకే అక్కర్లేదు, మాకెందుకని మావాళ్ళంటే నేనేం చెప్పను?"

చీజు మళ్ళీ వీపున కట్టుకున్నాను. వంతెన దాకా రూడీయే మోసుకొచ్చి దింపాడు. మధ్యలో ఆగి నా వంక చూశాడు, ఆ మాట అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. అతని మీద నాకు ఫిర్యాదు లేదని ఇక్కడ రాసుకోవలెను.

8. ఆ పిమ్మట ఉంటర్‌టాల్ కార్యాలయానికి పోయినాను. అద్దం వెనక ఉన్న అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.

"మీరు దిగులు పడకండమ్మా. ఇప్పుడు మీరు మా పంచాయతీ కదా, మీకు ఇక్కడ శ్మశానంలో చోటు హక్కుగా వస్తుంది. లిండెన్ చెట్ల కింద, అందరికీ కలిపి ఒక పచ్చికబయలు ఉంది. పువ్వులు కూడా మేమే పెడతాం."

"అక్కడ నాకు ఎవరు తెలుసు?" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. నేను నవ్వలేదు. అప్పుడు ఆ అమ్మాయీ మానేసింది.

"మీ వారి చోటు సంగతి మేము చేయగలిగింది లేదమ్మా. అది సోన్‌రైన్ నేల. షాట్‌మట్ పంచాయతీ ఉండి ఉంటే అడిగి ఉండేవాళ్ళు," అంది.

ఇటు వాళ్ళు షాట్‌మట్ ఉంటే అడిగేది అంటున్నారు. అటు వాళ్ళు షాట్‌మట్ ఉంటే ఇచ్చేవాళ్ళం అంటున్నారు. ఇద్దరికీ కావలసింది షాట్‌మట్. కాబట్టి అయ్యా, దారి పొడవునా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చినాను.

9. కావున ప్రార్థన ఏమనగా:

నన్ను షాట్‌మట్ పంచాయతీగా గుర్తించవలెను. ఎక్కువ కాలం కాదు. నా గుండె బాగోలేదని డాక్టరు చెప్పాడు, ఇంకొక చలికాలం చూస్తానో లేదో. సదరు పంచాయతీ వల్ల జిల్లాకు ఏమీ ఖర్చు ఉండదు. జనాభా ఒకరు. పశువులు రెండు మేకలు. మంచు తోసే బండి అవసరం లేదు, నేను ఎక్కడికీ పోను. ఊరి సభ నిన్న మా వంటింట్లో జరిగినది. ప్రెసిడెంటుగా నన్ను నేను ఎన్నుకున్నాను, ఎవరూ వ్యతిరేకించలేదు.

"నేనూ ఇక్కడే ఉంటున్నాను కదా పెద్దమ్మా, నాకు ఓటు లేదా?" అన్నాడు బెనెడిక్ట్.

"లేదు. నువ్వు చెయ్యెత్తి ఉంటర్‌టాల్ వాడివైపోయావు. గుమస్తాగా ఉండు, జీతం లేదు," అన్నాను.

ఉంటానన్నాడు. ముక్కు చీదుకుంటున్నాడు, అందుకే ఇక్కడ అక్షరాలు వంకరగా ఉండవచ్చును.

నేను చనిపోయిన రోజున సదరు పంచాయతీ దానంతట అదే రద్దగును. రద్దయ్యే ముందు దానికి ఒకే ఒక పని మిగిలి ఉండును: తన ఆఖరి మనిషిని వంతెన దాటించి ఆ ఖాళీలో పెట్టడం. ఆ తరువాత ఆ దొడ్డిని ఏమి చేయాలో సోన్‌రైన్ వారి దయ. ముగ్గురం కలిసి ఉన్నాక మా మీద బంగాళాదుంపలు వేసుకున్నా నేను అడగను.

10. ఈ అర్జీతో పాటు ఒక చీజు చక్రం పంపుచున్నాను. ఇది లంచం కాదు. తమరు దీనిని తినరాదు, తమరి గుమస్తాలకు పుల్లలు ఇవ్వరాదు. ఇది కిందటేడు అద్దె. తమరు నీడ గట్టుకూ ఎండ గట్టుకూ ఒక్కరే అధికారి గనుక, దీనిని తామే స్వయంగా వంతెన మధ్యకు తీసుకుపోయి రూడీ గెర్మన్‌కు అందజేయవలెను. బరువు ఉంటుంది, వీపున కట్టుకోవలెను, చేత పట్టుకుంటే జారును. అతను ఒక ప్రశ్న అడుగును. జవాబు పైన మూడవ అంశంలో ఉన్నది. అతను ఆఖరున ఏమన్నాడో నాకు తెలియజేయవలెను. పెద్ద ఉత్తరం అక్కర్లేదు. చట్టాలు, అంకెలు రాయించవద్దు, బెనెడిక్ట్ చదివితే నాకు నిద్ర వస్తుంది. అతను అన్న ఆ రెండు మాటలు రాస్తే చాలును.

ఈ ముసలిదాని మాటను చిత్తగించి, కొండ మీద ఎండ తిరిగి వచ్చేలోగా సెలవిప్పించగలరని ఎదురుచూచుచు,

తమ విధేయురాలు (అని రాయాలట. నేను ఎవరికీ విధేయురాలిని కాను, కాని ఈ ఒక్కసారికి సరే),

కాథ్రీ ఆబ్యూల్
ప్రెసిడెంటు, షాట్‌మట్ పంచాయతీ
(సంతకానికి బదులు మా ఇంటి గుర్తు: రెండు నిలువు గీతలు, ఒక కొక్కెం. దూలం మీద, చీజు మీద, మా ఆయన సమాధి రాయి మీద ఉన్నది ఇదే. గీత పక్కకు పోయినది, గుర్తు మాత్రం నాదే.)

మళ్ళీ ఒక మాట: ఒకవేళ తమరికి వీలు కాదనుకోండి. తమరి మీదా పైవాళ్ళు ఉంటారు, నాకు తెలుసు. నేను పోట్లాడను, నాకు ఓపిక లేదు. సమాధులు ఎత్తేసేటప్పుడు ఒక కబురు పెట్టండి. నేనుంటే నేనే వస్తాను. మా ఆయన పెద్దవాడు, ఆయన సర్దుకుంటాడు. లీసెలిని మాత్రం ఎవరూ పార పెట్టి తీయవద్దు, నాకు ఇవ్వండి. ఏప్రన్‌లో కట్టుకుని వంతెన దాటించుకుంటాను, ఎంత బరువని? అయితే చలికాలం మొదట్లో అన్నారు చూశారా, అది మార్చండి. ఆ మీదటి మే నెల దాకా ఆగండి. మా పక్క నేల మీదికి కూడా ఎండ వచ్చేసి ఉంటుంది అప్పటికి. చలికాలంలో మాత్రం దాన్ని ఇటు తేవద్దండి.